బడి మూసిన యేడాది చరిత్రపాఠము

డుమస్ గ్రామమునకు వచ్చువారు సాధారణముగా మూడు పనులమీద వత్తురు. నల్లని ఇసుకమీద నడచుటకు కొందరు, దరియా గణపతిని దర్శించుటకు కొందరు, టొమాటో భజియాలు తినుటకు అందరును. ఇటీవలి కాలమున ఈ తీరమున దయ్యములు తిరుగునను పుకారు విని, రాత్రివేళ వాటిని చూడబోవు యువకులు కూడ బయలుదేరినారు. చరిత్ర చదువుకొనుటకు ఇచ్చటికి వచ్చినవారిని మాత్రము నేను చూడలేదు. సూరతు నగర చరిత్ర చెప్పువారు కోటను వర్ణింతురు, ఇంగ్లీషువారి సమాధులను, డచ్చివారి సమాధులను వర్ణింతురు. డుమస్ దగ్గరకు వచ్చునప్పటికి ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. ఆ లోపమును తీర్చుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. 2020లో పాఠశాలలు మూతపడినప్పుడు ఈ గ్రామములోని ఒక ఇంటిలో ఇద్దరు పిల్లలు చరిత్ర ఎట్లు చదివినారో చెప్పుట మాత్రమే దీని పని. ఇద్దరు పిల్లలంటిని గాని, వారిలో ఒకడు ఆ ఇంటి గడప ఎన్నడును తొక్కలేదు. ఆ సంగతి తరువాత వచ్చును.

నేను వృత్తిచేత ఉపాధ్యాయుడను. సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ పాఠశాలలతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమములలో కూడ పాఠశాలలను నడుపుచున్నదని మన తెలుగు దేశములో చాలమందికి తెలియదు. లింబాయత్, ఉధ్నా వాడలలో మరమగ్గముల చప్పుడు మధ్య మన భాషలో ఎక్కములు వినవచ్చును. అట్టి పాఠశాలలో ముప్పది సంవత్సరములకు పైగా చరిత్ర చెప్పి విశ్రాంతి తీసికొన్నాను. మా అబ్బాయికి విమానాశ్రయములో ఉద్యోగము. అందుచేత డుమస్‌లో కాపురము. బడులు మూయబడుట నా అనుభవములో అది మొదటిసారి కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినదను వార్త పుట్టినప్పుడు కొద్దిరోజులలో లక్షలాది జనము ఊరు విడిచి పోయినారు. నా తరగతిలో నలువదిమందికి ఆరుగురు మిగిలినారు, తరువాత బడియే మూసివేసినారు. 2006 ఆగస్టులో తాపీనది ఊరిలోనికి వచ్చినప్పుడు మరల అట్లే జరిగినది. కాని ఆ రెండు సందర్భములలోను తలుపులు కొన్ని వారములలో తెరచుకొన్నవి. 2020 మార్చి 16న గుజరాతులో మూతపడిన బడులు చిన్న తరగతుల పిల్లలకు 2021 నవంబరులో గాని తెరచుకొనలేదు.

మా మనుమరాలు అప్పుడు ఏడవ తరగతి. దూరదర్శన్ వారి గిర్నార్ ప్రసారములో పాఠములు వచ్చుచుండెను. ఆ పిల్ల వాటిని శ్రద్ధగా చూచెడిది, శ్రద్ధగా మరచెడిది. ఒకనాటి సాయంకాలము మేడమీద నిలిచి, నదీముఖమునకు ఆవల హజీరా కర్మాగారముల పొగగొట్టములను చూపి నన్ను అడిగినది: “తాతా, ఓడలు నేరుగ సూరతుకే పోవచ్చు గదా. సువాలీ దగ్గర ఎందుకు ఆగినయి?” పాఠ్యపుస్తకములో తేదీ ఉన్నది, నౌకల పేర్లు ఉన్నవి, ఈ ప్రశ్నకు సమాధానము లేదు. ముప్పది ఏండ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగిన విద్యార్థి కూడ లేడు. వారు అడుగకపోవుటకు కారణము వారి మాంద్యము కాదు. లింబాయత్‌లోని తరగతిగది కిటికీనుండి సముద్రము కనబడదు.

సమాధానము చెప్పక, ఆంక్షలు కొంత సడలిన పిదప ప్రాతఃకాలమున ఆమెను తీరమునకు తీసికొనిపోయినాను. ఖంభాత్ సింధుశాఖలో సముద్రపు ఆటుపోట్లు మన దేశములోకెల్ల పెద్దవానిలో లెక్క. ఆటు సమయమున నీరు చూపుమేర వెనుకకు పోవును, బురద బయలుపడును. కొన్ని గడియలలో ఆ బురద అంతయు మరల సముద్రమగును. నీరు ఎప్పుడు ఎక్కడికి వచ్చినదో పక్షము దినములు నోటుపుస్తకములో వ్రాయుమంటిని. అమావాస్యనాడు నీరు మెట్టుదాక వచ్చినదనియు, అష్టమినాడు అంత దూరము రాలేదనియు ఆమె వ్రాసికొన్నది. పదునైదవనాడు తనంతట తానే చెప్పినది: “ఆటు వేళ వస్తే ఓడ బురదల కూలబడతది తాతా.”

అంతే. తాపీ ముఖమున ఇసుకతిప్పలు అడ్డుండుటచేత పెద్ద ఓడలు సూరతు రేవువరకు పోజాలవు. ఉత్తరపు ఒడ్డున, డుమస్‌కు ఆవలి దిక్కున, సువాలీ దగ్గర తీరమునకును ఒక పొడవైన ఇసుకదిబ్బకును నడుమ లోతైన కాలువవంటి జలమార్గము ఉండెను. సముద్రపు కెరటముల వేగమును ఆ దిబ్బ అడ్డగించెడిది. వర్షకాలము వెళ్ళిన పిదప వచ్చిన ఓడలు అచ్చట లంగరు వేసికొని ఉండగా, సరకులు చిన్న పడవలమీదను, బండ్లమీదను నగరమునకు చేరెడివి. 1612 నవంబరు నెలాఖరున థామస్ బెస్ట్ రెండు ఓడలతో నాలుగు పోర్చుగీసు యుద్ధనౌకలను ఎదిరించినది ఈ నీటిలోనే. పోర్చుగీసువారి ఓడలు కొన్ని తిప్పలమీద చిక్కుకొన్నవి. మా పిల్ల ఆ ఘట్టము చదివి, “ఆనాడు తిథి ఏమి?” అని అడిగినది. పుస్తకములు చదివి నేను ఏనాడును అడుగని ప్రశ్న అది. ఆ మరుసటి సంవత్సరము ఇంగ్లీషువారికి సూరతులో వర్తకస్థానము పెట్టుకొనుటకు అనుమతి దొరకినది. 1615 సెప్టెంబరులో సర్ థామస్ రో రాయబారిగా సువాలీలోనే దిగినాడు. శివాజీ 1664లోను, 1670లోను సూరతును కొల్లగొట్టిన వృత్తాంతము అన్ని పుస్తకములలో ఉన్నది కావున ఇచ్చట చెప్పను.

ఇంతవరకు చరిత్ర ఓడలదిగా ఉండెను. అది వస్త్రముల చరిత్రగా మారుటకు కారణము రెండవ విద్యార్థి.

నా పూర్వశిష్యుడొకడు లింబాయత్‌లో మరమగ్గములపై పని చేయుచుండెడివాడు. నిజామాబాదు జిల్లావాడు, ఇందల్వాయికి దగ్గరి పల్లె. తాత కులవృత్తిగా చేతిమగ్గము నేసినాడు. తండ్రి భివండీకి, అచ్చటినుండి సూరతుకు వచ్చినాడు. కరఖానాలు ఆగిపోగా కూలి ఆగిపోయినది. అతని కుమారుడును ఏడవ తరగతియే. ఇంటిలో ఒకే ఫోను, అదియు తండ్రిచేతిలో. తండ్రి రాత్రి భోజనమైన పిదప కుర్రవానిచేత నాకు ఫోను చేయించెడివాడు. మా మనుమరాలు పగలు చదివినది రాత్రి వానికి చెప్పవలెను, వాడు అడిగినదానికి నేను బదులు చెప్పవలెను. ఇది మా ఏర్పాటు. సముద్రమును ఎరుగని ఆ పిల్లవానికి సువాలీ కాలువను ఫోనులో వర్ణించి చెప్పుట ఆమెకు కష్టమైనది. వానికి అది రుచింపలేదు కూడ. మూడవ రాత్రి వాడు అడిగినాడు: “సారూ, ఓడలల్ల ఏం కొంటపోయేటోళ్ళు?”

బట్ట, అని చెప్పినాను. గుజరాతు నేతబట్ట; నీలిమందు కూడ. అరేబియాకు, పారసీకమునకు, తూర్పు దీవులకు పోయెడి బట్ట. మక్కాయాత్రికులు ఓడ ఎక్కు రేవు సూరతే కనుక దీనికి మక్కాద్వారమను పేరుండెను. ఆ యాత్రతోపాటు వస్త్రములు పోయెడివి. బట్ట అన్న మాట వినగానే ఫోనులో ఆవలి నిశ్శబ్దము మారినది. తండ్రి కూడ దగ్గరకు వచ్చి కూర్చుండినట్లు తెలిసినది.

అప్పుడు 1630 సంగతి చెప్పవలసి వచ్చినది. ఆ యేడు గుజరాతులో వానలు లేవు. మరుసటి యేడు వానలు వరదలై వచ్చి మిగిలిన పైరును కొట్టుకొనిపోయినవి. విక్రమసంవత్సరము 1687 కావున గుజరాతీలు దానిని సత్యాసియో కరవు అందురు. ఎనుబదియేడవ యేటి కరవని అర్థము. 1630 నవంబరులో సూరతునుండి ఆగ్రాకు బయలుదేరిన పీటర్ మండీ అను ఇంగ్లీషు వర్తకుడు దారిపొడుగున కళేబరములను చూచినట్లు తన దినచర్యలో వ్రాసికొన్నాడు. 1631 చివర ఓడదిగిన ఒక డచ్చి వర్తకుడు వ్రాసిన లేఖ ఇంకను భయంకరమైనది. సువాలీ గ్రామములో అంతకు పూర్వము 260 కుటుంబములు ఉండగా, అప్పటికి పదియో పదునొకండో మాత్రమే బ్రతికియున్నవట. మా మేడమీదనుండి చూచినచో ఆ గ్రామము హజీరా పొగగొట్టములకు ఆవల. నూలు వడికినవారు, నేసినవారు, ఉతికినవారు, రంగు వేసినవారు చచ్చిరి లేదా దేశాంతరము పోయిరి. కొనుటకు వచ్చిన ఓడలకు సరకు లేదు.

సరకు లేకున్నను ఆ దూరదేశముల అంగళ్ళు బట్టను అడుగక మానలేదు. ఇంగ్లీషువారి చూపు, డచ్చివారి చూపు తూర్పుతీరమువైపు, అనగా మన తీరమువైపు ఇంకను గట్టిగా తిరిగినది. ఆ తీరము వారికి అప్పటికే తెలియును. డచ్చివారు 1606 నాటికే మచిలీపట్టణములో వర్తకము ప్రారంభించినారు. ఇంగ్లీషువారు 1611లో, అనగా సూరతులో కాలూనుటకు రెండేండ్లు ముందుగా అచ్చట వర్తకస్థానము పెట్టినారు. పాలకొల్లు, ద్రాక్షారామముల వంటి గోదావరిసీమ ఊళ్ళలో డచ్చివారు నేతగాండ్రకు బయానాలిచ్చి బట్ట నేయించినారు. గోలకొండ రాజ్యము కూడ ఆ కరవునుండి పూర్తిగా తప్పించుకొనలేదు. అచ్చటను ఆకలిచావులు కలిగినవి. అయినను గుజరాతులో వలె నేతపని అడుగంటలేదు. ఈ మార్పుకు కరవు ఒక్కటే కారణమని చెప్పుట అతిశయోక్తి యగును. తూర్పుతీరపు బట్టకు జావా, సుమత్రాలలో గిరాకి పూర్వమునుండియు కలదు. కాని ఒక తీరపు నేతగాని చావునకును ఇంకొక తీరపు నేతగాని పనికిని నడుమ ఒక పడుగుపోగు ఉన్నదనుట నిజము. విలియం మెథ్వొల్డ్ అను ఉద్యోగి చరిత్ర చూచినచో ఆ పోగు మన వ్రేలికి తగులును. అతడు 1618నుండి నాలుగేండ్లు మచిలీపట్టణములో ఉండి, గోలకొండ రాజ్యమును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, 1633లో సూరతు వర్తకస్థానమునకు అధ్యక్షుడై వచ్చినాడు. వచ్చునప్పటికి ఇచ్చట ఉన్నవి కరవు మిగిల్చిన మగ్గములు.

ఇదంతయు ఒక్క రాత్రిలో చెప్పినది కాదు. వారముకంటె ఎక్కువ పట్టినది. మధ్యమధ్య ఫోను తెగిపోయెడిది. ఒక రాత్రి కుర్రవాడు అడిగినాడు: “సారూ, ఆ పది ఇండ్లోళ్ళు ఎవరు? అండ్ల నేసేటోళ్ళు ఉన్నరా?”

చెప్పలేకపోయినాను. లేఖ వ్రాసిన వర్తకునకు ఆ ప్రశ్నతో పనిలేదు. అతనికి కావలసినది బట్ట. బట్ట లేదు కావున ఎందుకు లేదో యజమానులకు తెలిపినాడు. ఆ కుటుంబముల సంఖ్య మనకు దక్కినది కూడ ఆ లెక్కలవలననే. మన నేతగాండ్ర చరిత్రలో పెద్దభాగము ఈ విధముగా, కొనుగోలుదారుల కాగితములలో, సరకు రాలేదను ఫిర్యాదుల రూపమున మిగిలియున్నది. తరగతిగదిలో నేను దీనిని అనేకసార్లు చెప్పియుందును. ‘ఆధారముల పరిమితి’ అను శీర్షిక క్రింద రెండు మార్కుల ప్రశ్నగా చెప్పియుందును. కూలి ఆగిన ఇంటినుండి ఒక నేతగాని కొడుకు అడిగినప్పుడు అది రెండు మార్కుల ప్రశ్న కాలేదు.

ఇంటిలో కూర్చుండి చరిత్ర చదివినవారు మనకు కొత్త కాదు. సూరతు కవి నర్మద్ 1858లో బొంబాయిలోని ఉపాధ్యాయవృత్తిని వదలి, ఇకమీదట కలము ఒడిలోనే తలపెట్టుకొందునని వ్రతము పట్టినాడు. ఆయన నిఘంటువును, కవితను అందరును ఎరుగుదురు. సూరతు నగరమునకు ఒక సంక్షిప్తచరిత్రను వ్రాసెనని, ‘రాజ్యరంగ్’ అను పేర ప్రపంచచరిత్రను గుజరాతీలో వ్రాసెనని కొందరే ఎరుగుదురు. మన భండారు అచ్చమాంబ (1874–1905) బడికి పోనేలేదు. పదేండ్లకే పెండ్లి అయినది. తన ఇంటనే ఉండి చదువుకొనుచున్న తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు పక్కన కూర్చుండి, వాని పాఠముల వెంబడి తానును నేర్చినది. తరువాత ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరిట భారతస్త్రీల చరిత్రలను సేకరించి వ్రాసినది. స్త్రీలు అబలలు, మూర్ఖులు అను మాటను ఖండించుటకు ఆమెకు వేదాంతవాదము అక్కరలేకపోయినది. ఉన్న స్త్రీలను లెక్కవ్రాసినది, అంతే. ప్లేగు రోగులకు సేవ చేయుచు తానును మరణించినదని చెప్పుదురు. ఈ కథ చెప్పినప్పుడు మా మనుమరాలు చాలసేపు మాటాడలేదు. తరువాత, తమ్ముడు లేనివాళ్ళు ఏమి చేసినారని అడిగినది.

అచ్చమాంబను చూచి ఆమెకు ఒక బుద్ధి పుట్టినది. మా కుటుంబపు స్త్రీల పేర్లు వ్రాసెదనన్నది. నా తల్లి పేరు చెప్పితిని, ఆమె తల్లి పేరు చెప్పితిని. ఆ పైన నాకు తెలియలేదు. మగవారి పేర్లు అయిదు తరములు తెలియును. కండెలు చుట్టినవారు, పడుగు సరిచేసినవారు, గంజి కాచినవారు ఎవరో, ఆ పేర్లే లేవు. ఇంత చరిత్ర చెప్పిన నాకు నా ఇంటిలో మూడవ మెట్టు దాటి దారి తెలియలేదు. ఆ పుట సగము ఖాళీగానే ఉన్నది. చెరిపివేయుదునా అని అడిగినది, వద్దంటిని.

కుర్రవానికి మేము ఇచ్చిన చివరి పని ఒక పటము గీయుట. సూరతునుండి గోలకొండకు, అచ్చటినుండి మచిలీపట్టణమునకు వర్తకులు, యాత్రికులు నడచిన త్రోవ. 1660లలో థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు ఆ త్రోవనే ఔరంగాబాదు మీదుగా గోలకొండకు, పిదప మచిలీపట్టణమునకు పోయినాడు. అంతకుముందు తావెర్నియే అను రత్నవర్తకుడు కూడ ఆ మార్గములను తిరిగినాడు. థెవెనో వ్రాతలలో ఇందల్వాయి పేరు కలదు. థెవెనో ఆ ప్రాంతమున కత్తులు, బరిసెలు తయారగుచుండెనని, ఇనుము దగ్గరి కొండలనుండి వచ్చుచుండెనని చెప్పుచున్నాడు. ఈ మాట వినినప్పుడు ఫోనులో కుర్రవాడు కాదు, తండ్రి మాటాడినాడు. “మా ఇందల్వాయేనా సారూ?” అని రెండుసార్లు అడిగినాడు. తన ఊరి పక్కనుండి మూడువందల యేబది యేండ్ల క్రిందట సూరతుకు త్రోవ ఉండెనని, తాను రైలులో కూలికి వచ్చిన త్రోవ అంతకు ముందే ఎవరో నడచిన త్రోవయని అతనికి ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవాడను నేనే, నా తరగతిలో మూడేండ్లు కూర్చున్నాడు.

మే నెలలో సూరతునుండి శ్రామికుల రైళ్ళు బయలుదేరినవి. వానిలో ఎక్కువ ఒడిశాకు, ఉత్తరప్రదేశమునకు, బీహారునకు పోయినవి. మా శిష్యుడు జూలైవరకు ఉండిచూచి, కరఖానా తెరచినను పూర్తి కూలి లేదని తెలిసి, భార్యాబిడ్డలతో ఊరికి పోయినాడు. పోవునప్పుడు పటమును ఫోటో తీసి పంపినాడు. ఎక్కములపుస్తకపు కాగితముమీద పెన్సిలుతో గీసిన పటము. సూరతు దగ్గర ఒక ఓడ. అది నదిలో కాక సముద్రములో, తిప్పకు ఆవల ఆగియున్నది. మా మనుమరాలు చెప్పిన సువాలీ కాలువ వానికి చివరకు అర్థమైనదన్నమాట. ఔరంగాబాదు, నాందేడు, ఇందల్వాయి. ఇందల్వాయి పక్కన చిన్న చుక్క పెట్టి తమ పల్లె పేరు వ్రాసినాడు. కొన్నాళ్ళు ఫోను చేసినాడు. ఊరిలో వరినాట్ల కాలము వచ్చినది, ఫోను తండ్రితోపాటు పొలమునకు పోయెడిది. దీపావళి తరువాత ఆ నెంబరు పనిచేయుట మానినది.

2021 సెప్టెంబరులో పెద్ద తరగతులు మరల తెరచినప్పుడు నేను వాని బడికి పోయి అడిగినాను. హాజరుపట్టీలో పేరు ఉన్నది. పేరు పిలిచినప్పుడు పలుకు పిల్లవాడు లేడు. అట్టి పేర్లు ఆ పట్టీలో ఇంకను కొన్ని ఉన్నవి. కొందరు అచ్చటనే తెలుగు బడిలో చేరినారని, కొందరు తండ్రుల వెంట పనికి పోవుచున్నారని ఉపాధ్యాయురాలు చెప్పినది. వీడు ఏ లెక్కలో ఉన్నాడో ఆమెకు తెలియదు.

మా మనుమరాలు ఆ ఫోటోను అచ్చు తీయించి, ఆటుపోట్లు వ్రాసిన నోటుపుస్తకములో, సగము ఖాళీగా ఉన్న పేర్ల పుటకు ఎదుట అంటించినది. గీత సూరతునుండి గోలకొండవరకు వచ్చి ఆగినది. గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమ గీయవలసిన భాగము వానిదేయని, తాను గీయనని ఆమె పట్టుబట్టినది.